మ్యాగ్నెట్‌తో నేను పట్టిన దొంగ

మెకానికల్ డిప్లొమా చేతికొచ్చిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఈ భూమ్మీద ఉండేది కాదు. (ఇప్పుడు చాలా ఉన్నాయి, ఇంట్లో పిల్లలు రోజుకొకటి చూపిస్తుంటారు.) నాగారం నుంచి నాచారం వచ్చే బస్సులో ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో వేలాడుతూ కూడా డ్రైవరు గేరు వేసే పద్ధతిలో నాలుగు తప్పులు పట్టేవాణ్ణి. కండక్టరు చిల్లర ఇస్తే టిక్కెట్టు ఇంకా బాగా ఎలా చింపవచ్చో చెప్పేవాణ్ణి. అంతటి మేధావిని నాచారం పారిశ్రామికవాడలో, ఎనిమిది లేత్ మెషీన్లున్న ఓ రేకుల షెడ్డు ట్రైనీగా చేర్చుకుంది. అది ఆ షెడ్డు చేసుకున్న అదృష్టమని నేను, చేసుకున్న ఖర్మ అని మిగతావాళ్లు అనుకునేవాళ్లం. పని మాత్రం ఇద్దరి అభిప్రాయాల మధ్యా నడిచిపోయేది.

అక్కడి ఫోర్‌మెన్‌ను అందరూ పెద్దన్న అనేవాళ్లు. ఉప్పల్‌లో పుట్టి పెరిగిన మనిషి. వాళ్ల నాయన ఎడ్లు తోలిన పొలం మీద ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి గానీ, ఆయన మాత్రం లేత్ ముందు నిలబడితే ఇప్పటికీ దుక్కి దున్నుతున్నట్టే ఉండేది. గేటు బయట టీ తాగుతూ, లోపల ఏ మెషీన్ మీద ఏ బిట్టు మొద్దుబారిందో శబ్దం విని చెప్పేవాడు. ఆయన నడిపే షాపులో ఓ ఆచారం ఉంది. ట్రైనీ ఎంత మొనగాడైనా సొంతంగా లేత్ ముట్టుకోకూడదు. దసరాకు ఆయుధపూజ నాడు పెద్దన్న పసుపు కుంకుమల ప్లేటు అతని చేతిలో పెట్టి ఒక మెషీన్ చూపించాలి. దానికి బొట్టు పెట్టాడా, ఇక అది అతనిది. ప్లేటు అందలేదా, ఇంకో ఏడాది చీపురు, నూనె డబ్బా, టీ గ్లాసులు. కిటికీ పక్కన ఉన్న ఎనిమిదో నంబరు లేత్ మీద నేను మనసు పారేసుకుని ఉన్నాను. (ఇరవై ఏళ్ల వయసు. ఆ షెడ్డులో మనసు పారేసుకోవడానికి ఇంకేమీ లేదు.)

వినాయక నిమజ్జనం అయిన రెండు వారాలకు పెద్దన్న నన్ను పిలిచాడు. "ఏంరా డిప్లొమా, ఈసారి ప్లేటు గావాల్నా?" అన్నాడు. కావాలన్నట్టు నేను తల ఊపిన ఊపుకు హెల్మెట్ ఊడి కిందపడింది. "గట్లైతే పాత బిట్ల డబ్బా సాఫ్ జెయ్. ఇనుము ఇనుము దిక్కు, కార్బైడు కార్బైడు దిక్కు. ఒక్క ముక్క అటుదిటు గావొద్దు. మంచిగ జేస్తివా, ప్లేటు నీ చేతిలనే పెడ్త."

కార్బైడు బిట్టంటే బొటనవేలి గోరంత ఉంటుంది. ఇనుమును వెన్నలా కోస్తుంది. ఒక మూల అరిగితే తిప్పి రెండో మూల వాడతారు. అన్ని మూలలూ అరిగాక డబ్బాలో వేస్తారు. పారేయరు, ఎందుకంటే దాన్ని కొనుక్కెళ్లి మళ్లీ పొడి చేసి, ఆ పొడితో మళ్లీ కొత్త బిట్టు చేసేవాళ్లు ఉన్నారు. మా షాపులో ఏడాది పొడుగునా పోగైన పాత బిట్లు అమ్మితే వచ్చింది దసరా దావత్‌కు పోయేది. అందుకని అరిగిన బిట్టును డబ్బాలో వేసేటప్పుడు ప్రతి ఆపరేటరూ దాన్ని ఓ మటన్ ముక్కను చూసినట్టు చూసేవాడు. గొడవేమిటంటే ఆ డబ్బాలోకి బిట్లతో పాటు విరిగిన డ్రిల్లులు, తల ఊడిన స్క్రూలు, ఇనుప రజను, అన్నీ చేరిపోయి, నూనె మడ్డితో ఏది ఏదో కంటికి ఆననట్టు అయ్యేవి.

ఆ డబ్బాకు కాపలా స్టోరు మామ. రాజమండ్రి దగ్గరి మనిషి. ఏదో ప్రభుత్వ ఫ్యాక్టరీ స్టోర్సులో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరై, చిల్కానగర్‌లో ఇల్లు కట్టుకుని, ఇంట్లో ఊరికే కూర్చోలేక మా స్టోరు గదిలో కూర్చున్నాడు. తాళంచెవి గొలుసుతో ప్యాంటు లూపుకు వేలాడుతుండేది. ఆయన దగ్గర పది నంబరు స్పానరు అడిగి తెచ్చుకోవడం కన్నా ఓ బ్యాంకుకు కన్నం వేయడం తేలిక. నేను డబ్బా అడిగితే కళ్లజోడు ముక్కు మీదికి జార్చి చూశాడు.

"ఎలా వేరు చేస్తావోయ్?"

"గా సంగతి నాకు ఇడిసిపెట్టున్రి మామా. సైన్స్ ఉంది."

"సైన్సు సరే. చేత్తో తూచి చూడు. కార్బైడు ఇనుముకి రెండింతల బరువుంటుంది. నేనైతే వారం రోజులు కూర్చుంటాను."

వారం! నాకు నవ్వొచ్చింది. నిమజ్జనం నాడు మా నాగారం బస్తీ మండపంలో మూడు వీధుల దాకా అద్దాలు అదరగొట్టి, ఆఖరికి తానే పగిలి చచ్చిపోయిన సౌండు బాక్సు ఒకటుంది. దాని గుండె కోసి తీసిన మ్యాగ్నెట్, చపాతీ పెనమంత, నా మంచం కింద భద్రంగా ఉంది. ఆ మ్యాగ్నెట్ సంగతి ఏం చెప్పను! మంచం కింద పెట్టిన రాత్రి నుంచీ మా అమ్మ పక్కపిన్నులన్నీ నా గది వైపే పారిపోయి వస్తున్నాయని నా నమ్మకం. అతుక్కునేది ఇనుము, అతుక్కోనిది కార్బైడు. ఆరో తరగతి పాఠం. వారం రోజుల పనిని టీ చల్లారేలోపు ముగిస్తానని అందరికీ చెప్పేశాను.

శనివారం పెద్దన్న బంధువులింట్లో పెళ్లికని ఊరెళ్లాడు. మంచి ముహూర్తం. డబ్బా నేల మీద కుమ్మరించి, చుట్టూ ఏడుగురు ఆపరేటర్లు చూస్తుండగా, మ్యాగ్నెట్‌ను ఆకాశం నుంచి దేవతను దింపినట్టు దింపాను. లేపేసరికి కుప్పలో సగం దానికి వేలాడుతోంది. రాల్చి మళ్లీ దింపాను. మళ్లీ సగం. స్క్రూలు టక్కున ఎగిరి కరుచుకుంటున్నాయి; గోరంత ముక్కలు మాత్రం కాస్త బద్ధకంగా, ఇష్టం లేని పెళ్లికి వచ్చిన చుట్టాల్లా అతుక్కుంటున్నాయి. కానీ అతుక్కుంటున్నాయి. (ఆ బద్ధకం దగ్గర ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ ఆగి ఆలోచించడం తెలియనివాళ్ల పని అని అప్పట్లో నా అభిప్రాయం.) అంతా ముగిశాక కార్బైడు వైపు మిగిలింది గుప్పెడు ఇత్తడి పొట్టు, రెండు రాగి వాషర్లు, ఓ చొక్కా గుండీ.

అంతవరకు ఏ ఆపరేటరుకూ బిట్టుకు మ్యాగ్నెట్ పెట్టి చూడాల్సిన అవసరం రాలేదు. లోహం మీద చెయ్యేసి చెప్పగలిగినవాళ్లు కూడా సైన్స్ అన్న మాటకు వెనక్కి తగ్గారు. నేను లేచి నిలబడి ప్రకటించాను: "అన్నా, దీంట్ల కార్బైడే లేదు. అంతా ఇనుమే. ఎవడో ఏడాది సంది మంచి బిట్లు తీస్కుంట, అచ్చం బిట్ల లెక్కనే ఉండే ఇనుప ముక్కలు ఏస్కుంట వచ్చిండు!"

"ఏందిరా గిది," అన్నాడు ఆరో నంబరు ఆపరేటరు, నాకన్నా పదేళ్లు పెద్దవాడు. "అయితే దసరాకు పప్పన్నమేనా?"

"పప్పన్నం సంగతి తర్వాత. తాళం ఎవరి దగ్గరుంటది?" అన్నాను నేను. నాకు ఆ క్షణంలో ఒంటి మీద ఖాకీ చొక్కా ఉన్నట్టే ఉంది.

అందరూ స్టోరు గది కిటికీ వైపు చూశారు. స్టోరు మామ అంతా విన్నాడు. నెమ్మదిగా గొలుసు విప్పి, తాళంచెవి నా అరచేతిలో పెట్టి, టిఫిన్ డబ్బా, గొడుగు తీసుకున్నాడు. "ముప్ఫై ఏళ్లు సర్కారు సరుకు కాసినవాణ్ణోయ్. సూది పోలేదు. ఈ వయసులో అరిగిపోయిన బిట్లు తినాలా నేను?" అని గేటు దాటి వెళ్లిపోయాడు. నాకు జాలి వేసింది గానీ, దొంగలు కూడా చాలా బాగా మాట్లాడతారని ఎక్కడో చదివినట్టు గుర్తుకొచ్చి సర్దుకున్నాను. మధ్యాహ్నం ఉప్పల్ నుంచి ఇనుప తుక్కు తీసుకెళ్లే ట్రాలీ ఆటో వచ్చింది. ఆ "ఇనుము" అంతా నా చేతులతో నేనే తట్టలో ఎత్తి అందులో పోశాను. తట్ట ఎంత బరువుందంటే నడుం పట్టేసింది. అది కూడా నాకు ఏమీ చెప్పలేదు.

సోమవారం పెద్దన్న రాకముందే వచ్చి, నేరానికి మరిన్ని ఆధారాల కోసం స్టోరు సోదా చేశాను. కంపెనీ సీలుతో ఉన్న కొత్త బిట్ల పెట్టె ఒకటి దొరికింది. సీలు చింపి ఒక బిట్టు మ్యాగ్నెట్ మీద పెట్టాను. బద్ధకంగా అతుక్కుంది. ఇంకోటి పెట్టాను. అదీ అతుక్కుంది. మీలాంటివాళ్లయితే ఇక్కడ ఏమనుకుంటారో నాకు తెలుసు. నేను మాత్రం ఇలా అనుకున్నాను: అమ్మో, ఈ ముఠా ఏకంగా కంపెనీ దాకా పాకింది! సీలు పెట్టెల్లో కూడా ఇనుమే నింపుతున్నారు! ఆ పెట్టె పట్టుకుని, అప్పుడే స్కూటరు స్టాండు వేస్తున్న పెద్దన్నకు ఎదురెళ్లి, మొత్తం కుట్రంతా ఊపిరి తీసుకోకుండా వివరించాను.

పెద్దన్న పూర్తిగా విన్నాడు. నా చేతిలోంచి కొత్త బిట్టు ఒకటి, నేల మీంచి ఓ స్క్రూ ఏరుకుని గ్రైండర్ దగ్గరికి నడిచాడు. స్క్రూ ఆనిస్తే దీపావళి మతాబులా నిప్పురవ్వలు షెడ్డంతా చిమ్మాయి. బిట్టు ఆనిస్తే ఎర్రగా, పొట్టిగా, అలిగినట్టు నాలుగు రవ్వలు వచ్చి ఆరిపోయాయి.

"సూసినవా? ఇది అసలు కార్బైడు."

"మరి మ్యాగ్నెట్‌కు అతుక్కుంటది గదన్నా?"

"కార్బైడంటే ఉత్త పొడిరా. పిండికి నీళ్లు లేకుంటే రొట్టె గాదు, గా పొడిల కోబాల్టు లేకుంటే బిట్టు గాదు. గా కోబాల్టుకు మ్యాగ్నెట్ పడ్తది. గిది నీ డిప్లొమల చెప్పలేదా?"

చెప్పారేమో. ఆ రోజు నేను వెనక బెంచీలో కూర్చుని సారు నల్లబల్ల మీద గీత వంకరగా గీశాడని పక్కవాడికి వివరిస్తూ ఉండి ఉంటాను. పెద్దన్న చుట్టూ చూశాడు. "డబ్బా ఏది?" అన్నాడు. చెప్పాను. "మామ ఏడి?" అన్నాడు. అదీ చెప్పాను. ఆరో నంబరు ఆపరేటరు మెషీన్ ఆపి, "అన్నా, మనది మటన్ మొత్తం ఉప్పల్ స్క్రాప్‌ల వడ్డది," అని సహాయం చేశాడు. పెద్దన్న గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "మామను తోల్కరా. డబ్బా తోల్కరా. రెండూ రాకుంటే నువ్వు గూడ రాకు. ప్లేటు సంగతి ఇగ మరిచిపో." ఆయుధపూజ ఇంకా మూడు రోజులే ఉంది.

చిల్కానగర్‌లో స్టోరు మామ ఇంటికి వెళ్లేసరికి ఆయన వాకిట్లో గులాబీ కుండీలకు నీళ్లు పోస్తున్నాడు. నేను ఏడుకొండలు మోకాళ్లతో ఎక్కినవాడిలా వెళ్లి ఆయన కాళ్ల మీద పడ్డాను. నీళ్లన్నీ నా చొక్కాలోకి వచ్చేశాయి. లోపలి నుంచి వాళ్లావిడ, "ఎవరండీ, డిప్లొమా అబ్బాయా? ఇంకేం పోయాయట?" అని అడిగింది. నేను కోబాల్టు, నిప్పురవ్వలు, నా బుద్ధి అన్నీ వరుసగా చెప్పుకున్నాను. మామ కుండీకి నీళ్లు పోస్తూనే ఉన్నాడు. చివర్న, "గా బిట్లన్నీ ఇనుప తుక్కుల పోసేసిన మామా," అన్నాను.

చెంబు జారి కిందపడింది. "ఇనుప తుక్కులోనా! ఎక్కడికెళుతుందది? కొలిమికా? ఒరేయ్, నన్ను దొంగన్నావు, సరే, కడుపుకి అన్నం తింటున్నాను, భరిస్తాను. కార్బైడుని తీసుకెళ్లి తుక్కులో పోస్తావా? పది జన్మలెత్తగలిగే లోహంరా అది! ఇనుములో కలిసి కరిగిపోతే ఇంక దానికి దిక్కేది?" ఆయనకు చొక్కా గుండీలు కుదరలేదు. ఒకటి తప్పి ఒకటి పెట్టుకుని, అలాగే నేను షెడ్డులో అడిగి తెచ్చుకున్న సైకిలు వెనక ఎక్కి, గొడుగుతో నా వీపు మీద పొడుస్తూ ఉప్పల్ దాకా తోలించాడు.

ఉప్పల్ తుక్కు దుకాణం నడిపే ఆవిడను అందరూ తూకాలక్క అనేవాళ్లు. త్రాసు ముల్లు చూడకుండానే, సంచీ ఎత్తి బరువు చెప్పగల మనిషి. ఆమె వెనక ఇనుప తుక్కు గుట్ట లేచి ఉంది. గోల్కొండ కోట దానిముందు పిట్టగోడలా కనపడింది నాకు. "మీ షెడ్డు సరుకా? గా మూల కింద ఏడనో వడ్డది. రేపు పొద్దుగూకకముందే లారీ వస్తది. ఏరుకుంటే ఏరుకోన్రి, నాకేం ఫికర్ లేదు," అంది. నేను అలవాటు కొద్దీ సంచీలోంచి మ్యాగ్నెట్ తీశాను. గుట్టంతా ఇనుమే. మ్యాగ్నెట్ ఎక్కడ పెడితే అక్కడ బుట్టెడు తుక్కు కరుచుకుని, నన్ను కూడా గుట్ట మీదికి లాగింది. తూకాలక్క నవ్వి నవ్వి త్రాసు పళ్లెం పట్టుకుని నిలబడింది. "ఓ మ్యాగ్నెట్ సారూ, జర పైలం, లారీల నిన్ను గూడ ఎక్కిస్తరు!"

"దాన్ని అవతల పారెయ్," అన్నాడు మామ. బోర్లించిన పెయింటు డబ్బా మీద గొడుగు వేసుకుని కూర్చున్నాడు. "కళ్లు మూసుకో. కుడిచేతిలో ఒకటి, ఎడమచేతిలో ఒకటి. ఏది చేతిని కిందికి లాగుతుందో అది మనది."

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున్నించి లారీ వచ్చేదాకా నేను గోరంత ముక్కలు రెండేసి తూచాను. మొదటి గంటలో నాకు అన్నీ ఒకటే బరువు. రెండో గంటలో అన్నీ కార్బైడే. "ఇది మనదే మామా, పక్కా," అని ఇస్తే ఆయన తీసుకోకుండానే, "స్క్రూ తలకాయ," అనేవాడు. "ఇది మాత్రం ఒట్టు మామా!" అంటే, "సైకిలు బేరింగు బాలు," అనేవాడు. ఎండ నెత్తికెక్కి, వేళ్లు తుప్పుతో అప్పడాల రంగుకు వచ్చి, మధ్యాహ్నానికి ఎక్కడో అరచేతిలో ఏదో తెరుచుకుంది. కార్బైడు ముక్క పడగానే చెయ్యి తనంతట తానే కాస్త వంగడం మొదలుపెట్టింది. మామ మందలించడం తగ్గించాడు. లారీ హారను గేటు దగ్గర వినపడేసరికి డబ్బా అంచుకు నాలుగు వేళ్ల కింద దాకా నిండింది. మిగతాది దొరకలేదు. లారీ ఎక్కి పోయిన ఆ ముక్కలకు మామ గొడుగు మడిచి నిలబడి వీడ్కోలు చెప్పాడు.

ఆయుధపూజ నాడు షెడ్డు కడిగారు. లేత్‌లకు బంతిపూల దండలు, గుమ్మడికాయ, కొబ్బరికాయలు. బయట బగారా అన్నం, మటన్ ఉడుకుతున్నాయి. (ముక్కలు నిరుడంత దండిగా లేవని ఆరో నంబరు ఆపరేటరు గరిటె తిప్పి తిప్పి నాకు చూపించాడు. ఆ గరిటె అతను రిటైరయ్యేదాకా తిప్పాడు.) ఏడుగురూ తమ తమ మెషీన్లకు బొట్లు పెట్టారు. కిటికీ పక్కన ఎనిమిదో నంబరు ఒక్కటే బోసిగా మిగిలింది. పెద్దన్న ప్లేటు పట్టుకుని నా వైపు చూడకుండా, కొత్తగా ఇస్త్రీ చేసిన చొక్కాతో తాళంచెవి మళ్లీ లూపుకు తగిలించుకున్న స్టోరు మామ వైపు చూశాడు. "మామా, దొంగ అన్నది నిన్ను. నువ్వే చెప్పు."

మామ నన్ను ముందుకు రమ్మన్నాడు. "కళ్లు మూసుకోవోయ్." మూసుకున్నాను. రెండు అరచేతుల్లో రెండు ముక్కలు పెట్టాడు. "ఏది కార్బైడు?"

నా నోరు అలవాటుగా తెరుచుకుంది, "కుడిది!" అనడానికి నాలుక అప్పటికే బయల్దేరింది. కానీ కుడిచెయ్యి వంగింది. ఎడమచెయ్యీ అంతే వంగింది. మార్చి చూశాను. అదే వంపు. కుడి అంటే సగం అవకాశం ఉంది, ఎడమ అన్నా సగం ఉంది. పుట్టినప్పటి నుంచి నేను బతికింది ఆ సగం మీదే. ఎనిమిదో నంబరు లేత్ కిటికీ వెలుగులో నా మూసిన కళ్లకు కూడా కనపడుతూనే ఉంది. ఎంతసేపు నిలబడ్డానో, బయట మటన్ అడుగంటిన వాసన వచ్చింది.

"తెలుస్తలేదు మామా," అన్నాను.

ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి. అందుకేనేమో గొంతు నాది కాదనిపించింది. ఎవరూ నవ్వలేదు. కళ్లు తెరిచి చూస్తే రెండు చేతుల్లోనూ ఒకే రకం పాత బిట్లు, అరిగిన మూలలతో. మామ కళ్లజోడు తుడుచుకుంటూ, "ఇచ్చెయ్ పెద్దన్నా, వీడికి మెషీన్ ఇవ్వచ్చు," అన్నాడు. పసుపు కుంకుమల ప్లేటు నా చేతుల్లోకి వచ్చింది. అది ఎంత బరువుందో ఈ రోజుకీ చెప్పగలను.

ఈ మధ్య పాత బిట్లు కొనేవాళ్లు తుపాకీ లాంటి యంత్రం పట్టుకుని వస్తున్నారు. ముక్క మీద గురిపెడితే చాలు, అందులో ఏ లోహం ఎంతుందో తెర మీద టకటకా చెప్పేస్తుంది. ఎక్కడా ఆగదు, తడుముకోదు, మనిషి ముఖం చూడదు. దాన్ని చూసినప్పుడల్లా నాకు నాగారం బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న ఓ కుర్రాడు కనిపిస్తాడు. వాడి మీద నాకు కోపం రాదు. నిజం చెప్పాలంటే, ఎప్పుడైనా ఒక్క పూట వాడిలాగే అన్నీ తెలిసినట్టు బతకాలని ఉంటుంది. ఎలాగో మాత్రం, ఏం చేయను, ఇప్పుడు తెలుస్తలేదు.